నేను చూడని నాలుగు మాస్కులు

సీఏ ట్రైనింగుకి ఆర్టికల్స్‌లో చేరిన మొదటి వారం నాకు ఎవరూ ఆడిట్ నేర్పలేదు. టిక్కు పెట్టడం నేర్పారు. చేతికి ఒక ఆకుపచ్చ పెన్ను ఇచ్చి, ముందు బిల్లుల కట్టలు పడేసి, పుస్తకంలో ఉన్నది కట్టలో ఉందో లేదో చూసి టిక్కు కొట్టమన్నారు. సాయంత్రానికి కళ్లు లాగేశాయి గానీ లోపల ఒకటే గర్వం. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ ఒక్కసారే పాసైన పిల్ల కంచరపాలెంలో మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. నాన్న టైలరు. షాపుకి ఎవరొచ్చినా కొలతలు తీసేలోపు ఈ సంగతి చెప్పకుండా వదిలేవాడు కాదు. ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు నా పేరు చెప్పి మరీ ప్రార్థన చేసేవారు. అంత పెద్ద సంస్థలో చోటు దొరకడమంటే మాటలా.

సంస్థ నిజంగానే పెద్దది. దేశమంతా ఆఫీసులున్నాయి. మా విశాఖ ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. గోడల మీద నిజాయితీ గురించి అద్దాల ఫ్రేముల్లో పోస్టర్లు. ఏడాదికోసారి కంప్యూటర్‌లో నైతిక విలువల పరీక్ష ఒకటి రాయించేవాళ్లు. ఎవరో ఒకరు ముందు రాసి జవాబులు వాట్సాప్ గ్రూపులో పెడితే, మిగతా వాళ్లందరం పది నిమిషాల్లో నూటికి నూరు తెచ్చుకునేవాళ్లం. అప్పుడది తమాషాగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, అందరికంటే ఎక్కువ నా మీద.

ఆర్టికల్స్ మూడేళ్లు. మూడేళ్లూ వాళ్లు పంపిన చోటికల్లా వెళ్లాలి, చెప్పిందల్లా చేయాలి. చివర్లో పార్ట్‌నర్ సార్ ఒక ఫారం మీద సంతకం పెడతారు. ఆ సంతకం పడకపోతే మూడేళ్లూ బూడిదలో పోసినట్టే. అందుకని మా ఆఫీసులో పార్ట్‌నర్ సార్ తుమ్మినా పదిమంది తల ఎత్తి చూసేవాళ్లు.

మూడో ఏడు మొదట్లో, మార్చిలో నన్నొక రొయ్యల ఫ్యాక్టరీకి పంపారు. ఊరికి ఉత్తరంగా, సముద్రం పక్కనే ఉంటుంది. చెరువుల నుంచి లారీల్లో వచ్చిన రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది, పోర్టుకి పంపుతారు. నా పని ఫిజికల్ వెరిఫికేషన్. అంటే, కంపెనీ పుస్తకంలో ఉన్నాయని రాసుకున్న యంత్రాలూ సామాన్లూ నిజంగా ఉన్నాయో లేదో వెళ్లి కళ్లతో చూడడం. లెక్క వేయాల్సిందేమీ లేదు. చూడాలి, అంతే.

బయల్దేరే ముందు మా సీనియర్ ఒక మాట చెప్పాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు. తన నోట్సు నాకిచ్చాడు, వాన పడితే బండి మీద కంచరపాలెం గేటు దాకా దింపేవాడు.

"ఎక్కువ బుర్ర పెట్టకమ్మా. లాస్ట్ ఇయర్ ఫైలు తెరు. ఆళ్లేటి రాసారో సూసి, తేదీ మార్సీసి అదే రాసీ. మిగిలిన టైంలో సదువుకో, ఫైనల్‌కి పనికొస్తాది."

"అన్నీ చూడక్కర్లేదా అన్నా?"

"సూడు, ఎవరొద్దన్నారు. ఐదింటికి బస్సెక్కీ గానీ. రేపు స్టీల్ ప్లాంట్ వైపు ఇంకో క్లయింటున్నాడు."

మా దగ్గర అందరూ అలాగే చేసేవాళ్లు. దాన్ని తప్పని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. కొత్తగా చేరినవాళ్లకి అదే పని నేర్పడం.

ఫ్యాక్టరీలో నాకు యంత్రాలు చూపించడానికి ఒక ఆపరేటర్‌ని ఇచ్చారు. మా నాన్న వయసు మనిషి. నీలం యూనిఫాం, భుజాన తువ్వాలు. చలి పుట్టించే అమ్మోనియా యంత్రాల గది ఆయనది. పద్దెనిమిదేళ్లుగా అందులోనే ఉన్నానని చెప్పాడు. శ్రీకాకుళం వైపు ఊరు, ఇల్లు పెందుర్తిలో. వాళ్లావిడ కూడా అక్కడే, రొయ్యలు ఒలిచే హాల్లో కాంట్రాక్టు మీద పనిచేసేది. హాలు దాటుతుంటే గాజు కిటికీలోంచి చూపించాడు. తెల్ల టోపీ, ముక్కు మీద గుడ్డ, మోకాళ్ల దాకా బూట్లు. అందరూ ఒకేలా ఉన్నారు, ఆమె ఎవరో నాకు తెలియలేదు. ఆయన మాత్రం నవ్వుకున్నాడు.

మామూలుగా క్లయింట్ల మనుషులకి మేమంటే చికాకు. దూరం నుంచి వేలు చూపించి "అదిగో, అక్కడుంది" అంటారు. ఈయన అలా కాదు. ప్రతి యంత్రం దగ్గరా ఆగి, నంబరు పలకని తువ్వాలుతో తుడిచి, పక్కకి జరిగి, "సదువుకోండి మేడంగారూ" అనేవాడు. నేను చదివి టిక్కు పెట్టేదాకా కదిలేవాడు కాదు. నా పని పనిలా అనిపించింది ఆ ఒక్క పూటే. మేడం అనొద్దు బాబాయ్ అన్నాను. సరే మేడం అన్నాడు.

గది గుమ్మం పక్కన గోడకి ఒక ఎర్ర బీరువా ఉంది. తాళం వేసి ఉంది. నా జాబితా ప్రకారం దాని లోపల నాలుగు మాస్కులు ఉండాలి. సిలిండరు వీపుకి కట్టుకుని ముఖానికి తగిలించుకునే రకం. గ్యాసు లీకైతే అవి వేసుకునే లోపలికి వెళ్లాలి.

"తాళంసెవి సేఫ్టీ ఆఫీసరు దగ్గరుంతాది," అన్నాడు. "ఆయన సెలవు."

"లోపల నాలుగున్నాయా బాబాయ్?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించాడు. "నాను దాని లోపల సూసి ఏడాది దాటిపోనాది. మేం అడిగితే రేపంతారు. మీరు ఆడిట్ వోళ్లు కదా, మీరడిగితే తెరుస్తారు. ఒకసారి అడగండి మేడంగారూ. తాళంసెవి ఈ గదిలోనే ఉండేలా సెయ్యమనండి."

అడుగుతానన్నాను. మాట ఇచ్చినట్టే అన్నాను. రెండింటికి ఆయన షిఫ్టు అయిపోయింది. వెళ్తూ మళ్లీ గుర్తుచేశాడు.

అకౌంట్స్ మేనేజరు భోజనానికి కూర్చోబెట్టాడు. రొయ్యల వేపుడు. తిన్నాక ఆయనకి ఫోన్ మీద ఫోన్. నేను రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, ఆయన చెయ్యి ఊపితే వెనక్కి వచ్చాను. నాలుగున్నర అయింది. ల్యాప్‌టాప్‌లో గత ఏడాది ఫైలు తెరిచి ఉంది. నాలుగు మాస్కుల పక్కన "చూశాం, బాగున్నాయి" అని ఉంది. తేదీ మార్చాను. టిక్కు పెట్టాను. కింద నా పొడి అక్షరాలు వేశాను. ఐదు గంటల బస్సు అందింది.

భయం వేసిందా, తప్పు చేస్తున్నానని అనిపించిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. లేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించినట్టు మాత్రం గుర్తుంది.

ఆగస్టులో, ఒకరోజు పొద్దున్న పదింటప్పుడు ఆ గదిలో అమ్మోనియా లీకైంది. మాకు పదకొండుకల్లా తెలిసింది. మా సీనియర్ ఫోన్‌లో వచ్చిన వీడియో అందరికీ చూపించాడు. తెల్ల టోపీల ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చుని దగ్గుతున్నారు. వాళ్లంతా బయటపడ్డారు. ఆపరేటర్ ఒకడు తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్లి వాల్వు కట్టేశాడట, ఆసుపత్రిలో ఉన్నాడట. తువ్వాలు అనగానే అది ఎవరో నాకు తెలిసిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూడో రోజు ఆయన పోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఫైళ్లు తెరిచి కూర్చున్నాను. ఒక్కొక్క ఏడే వెనక్కి వెళ్లాను. నిరుడు "చూశాం, బాగున్నాయి." ముందటేడు అదే. దానికి ముందూ అదే. ఐదేళ్ల కింద, ఆ మాస్కులు కొన్న ఏడాది ఫైల్లో మాత్రం వేరేగా ఉంది. "బిల్లు చూశాం." అప్పటి ట్రైనీ ఎవరో గానీ నిజం రాశాడు. బిల్లే చూశాడు, బిల్లని రాశాడు. మరుసటేడు వచ్చినవాడు ఆ వాక్యం ఎత్తి రాస్తూ బిల్లు వదిలేశాడు. ఇక అక్కడి నుంచి ఎవరికి వాళ్లం ముందువాడు చూశాడనే నమ్మకంతో చూశామని రాసుకుంటూ వచ్చాం. ఆ బీరువా లోపల ఏముందో మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

ఫ్యాక్టరీ రెండు నెలలు మూతపడింది. కంపెనీ ఒక కమిటీ వేసి రిపోర్టు రాయించింది. సర్కారు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బీరువా తెరిచి చూపించారట. నాలుగు మాస్కులూ ఉన్నాయి. తాళంచెవి గుమ్మం పక్కన చిన్న అద్దాల పెట్టెలో వేలాడుతోంది. లీకైన రోజు అవి ఉన్నాయా, తర్వాత తెచ్చి పెట్టారా అన్నది చెప్పగలిగిన మనిషి చనిపోయాడు. రిపోర్టులో ఇలా రాశారు: అందుబాటులో ఉన్న రక్షణ పరికరాలు వాడకుండా, ఆపరేటర్ సొంత నిర్ణయంతో లోపలికి వెళ్లాడు. పరికరాలు అక్కడే ఉండేవనడానికి సాక్ష్యంగా మా ఆడిట్ కాగితం జతచేశారు. నా టిక్కు, నా పొడి అక్షరాలు.

అక్టోబరులో ఆయన భార్య మా ఆఫీసుకి వచ్చింది. వెంట యూనియన్ మనిషి ఒకతను ఉన్నాడు. ఆమె రిసెప్షన్‌లో కూర్చుని ఉండగా పార్ట్‌నర్ సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"కంగారు పడకు," అన్నారు. "నువ్వు ట్రైనీవి. ఎవరూ నిన్నేం అనరు. ఆవిడ పాపం బాధలో ఉంది, మర్యాదగా మాట్లాడు. ఫైల్లో ఉన్నదే మా మాట అని చెప్పు, చాలు." ల్యాప్‌టాప్ వైపు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు. "నీ ఆర్టికల్స్ ఎప్పటికి పూర్తవుతాయమ్మా?"

"నాలుగు నెలల్లో సార్."

"గుడ్," అన్నారు.

అంతే. బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు.

ఆమెని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. సన్నగా, పొడుగ్గా ఉంది. వేళ్ల చివర్లు రొయ్యల నీళ్లకి తెల్లగా పాసిపోయి ఉన్నాయి. డబ్బు మాట ఎత్తలేదు. చట్టప్రకారం రావాల్సింది వస్తుందని యూనియన్ వాళ్లు చెప్పారట. ఆమెకి కావాల్సింది ఒక్కటే, రిపోర్టులోంచి ఆ వాక్యం తీసేయాలి.

"ఆడి తొందరపాటు వల్ల ఫ్యాక్టరీ మూసీసినారని మా కాలనీలో అందరూ అంతన్నారమ్మా," అంది. "రెండు నెల్లు ఎవరికీ పని లేదు. నాతో పీలింగ్ సేసినోళ్లే నన్ను సూసి ముఖం తిప్పుకుంతన్నారు. ఆడు లోపలికెల్లి వాల్వు కట్టబట్టి బతికినోళ్లే. ఆ రాత తీసీమంటే, ఆడిట్ వోళ్లు మాస్కులు సూసినారు, మేమెలా తీస్తామంతన్నారు. అందుకే నీ దగ్గరికొచ్చాను."

నేను తల దించుకున్నాను.

"ఆ రోజు ఇంటికొచ్చి సెప్పినాడు నాతో. ఆడిట్ అమ్మాయొచ్చింది, బీరువా తెరిపించమని అడుగుతానంది అని. అది నువ్వే కదా?"

"నేనే."

"అడిగావా మరి?"

ఫైల్లో ఉన్నదే మా మాట అని చెప్పి ఊరుకోవచ్చు. సార్ నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఆ మాట ఎన్నిసార్లైనా ఒప్పుకుంటాను. కానీ ఆమె కళ్లలోకి చూస్తే ఆ డొంకతిరుగుడు మాట నోట్లోంచి రాలేదు. నిజం చెప్పాలి, లేదా పూర్తిగా అబద్ధమే చెప్పాలి. నాన్న గుర్తొచ్చాడు. నాలుగు నెలలు గుర్తొచ్చాయి.

"అడిగాను," అన్నాను.

"తెరిచారా?"

"తెరిచారు."

"సూసావా, నీ కళ్లతో?"

"చూశాను. నాలుగూ ఉన్నాయి."

యూనియన్ అతను కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆమె మాత్రం కదల్లేదు. నన్ను అనుమానిస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను నమ్మింది. ఎందుకు నమ్మదు? చదువుకున్న పిల్లని, ఆమె మొగుడు ఇంటికొచ్చి మరీ చెప్పిన పిల్లని. కాసేపటికి ఆమె ముఖం బిగుసుకుంది. ఆ కోపం నా మీద కాదు.

"అయితే అన్నీ ఉండగానే అలగెల్లిపోనాడన్నమాట," అంది. "చెయ్యి సాపితే అందేదానికి తువ్వాలు సుట్టుకున్నాడన్నమాట. నాను ఒకదాన్నున్నానని కూడా లేదు ఆడికి." లేచి చీర సర్దుకుంది. నా భుజం మీద చెయ్యి వేసింది. "నిజం సెప్పావు తల్లీ. అది సాలు."

వాక్యం రిపోర్టులో అలాగే ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత సార్ నా ఫారం మీద సంతకం పెట్టారు, మిఠాయి కూడా తెప్పించారు. ఫైనల్ మూడోసారికి పాసయ్యాను. నాన్న షాపు ముందు చిన్న షామియానా వేయించాడు. చర్చిలో నన్ను ముందుకి పిలిచి చప్పట్లు కొట్టించారు. మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమంటే, గొంతు నొప్పని చెప్పి కూర్చున్నాను. పాసయ్యేదాకా ఆ రెండేళ్లూ నాకు ఆకలి ఉండేది కాదు. అమ్మ పరీక్షల దిగులనుకుంది. నేను కాదనలేదు. ఎవరికైనా చెప్పాలనుకున్న ప్రతిసారీ, చెప్తే ఇప్పుడేం మారుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పిరికితనానికి ఎన్ని సాకులైనా దొరుకుతాయి.

మొత్తం మూడేళ్లు పట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం పెందుర్తి వెళ్లాను. రెండు వీధులు అడిగాక ఇల్లు దొరికింది. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. ఆమె అరుగు మీద బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి లోపల్నుంచి కుర్చీ తెచ్చింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. అడగలేదని చెప్పాను. తెరవలేదని, నేను చూడలేదని చెప్పాను. పాత కాగితం చూసి తేదీ మార్చానని చెప్పాను. ఆఫీసులో ఆమెతో అన్న మూడు మాటలూ అబద్ధమేనని చెప్పాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"తాళమేసే ఉందా ఆ రోజు?"

"నేను వెళ్లిన రోజు వేసే ఉంది. తర్వాత సంగతి నాకు తెలీదు. తాళంచెవి గదిలో పెట్టమని వాళ్లని అడగమని ఆయన నాకు చెప్పారు. నేనడగలేదు."

"లోపల ఉన్నాయో లేదో?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

ఆమె వీధి వైపు తిరిగింది. నేను క్షమించమన్నాను. కంపెనీకీ ఇన్‌స్పెక్టరుకీ కాగితం రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. తర్వాత రాశాను, పంపాను కూడా. జవాబు రాలేదు.

"మూడేళ్లు తిట్టానమ్మా ఆణ్ని," అంది చివరికి. నాతో అన్నట్టు లేదు. "పొద్దున్న లెగిస్తే తిట్టు, పడుకునేటప్పుడు తిట్టు. ఒల్లు పొగరుతో పోనాడు, నన్ను ఒగ్గీసి పోనాడని. నీతో మాటాడొచ్చిన కాణ్నుంచీ ఒక్క సుక్క కన్నీరు ఎట్టలేదు ఆడి కోసం."

అని, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నగా మొదలై, ఇక ఆపుకోలేనంత పెద్దదైంది. కాలు తగిలి చేట ఒరిగి బియ్యం అరుగు మీద చిమ్మాయి. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పక్క ఇళ్లలోంచి ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకామె నా వైపు అనుమానంగా చూసి, ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏటయిందే, ఏటయింది?" అని అడిగింది.

ఆమె తల ఎత్తలేదు.

"మాయన పోనాడే," అంది.